అమ్మ చెప్పిన శుక్రవారం

నీళ్ళు పల్లానికి పోతాయని మీకు ఇంజినీరింగు కాలేజీలో చెప్పి ఉంటారు. మాకూ చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరి నరసరావుపేట అవతల ఒక సాగరు కాలవ సెక్షన్‌లో పడ్డాక గానీ తెలియలేదు, అది పరీక్ష వరకే నిజమని. కాలవ నీళ్ళు ముందు గట్టి గొంతున్నవాడి పొలానికి పోతాయి. ఆ తర్వాత ఆయిల్ ఇంజను ఉన్నవాడి పొలానికి పోతాయి. ఇంకా ఏమన్నా మిగిలితే అప్పుడు పల్లానికి పోతాయి.

ఇప్పుడు సెల్‌ఫోనులో మట్టం చూసి కాలవ నడుపుతున్న కుర్రాళ్ళు నా దగ్గరికొచ్చి, "మీ రోజుల్లో ఎట్లా నడిపేవాళ్ళు సార్?" అని అడుగుతుంటారు. తిట్లు తింటూ నడిపేవాళ్ళమని చెబుతాను. ఒక్కసారి మాత్రం దేవుడి మాట మీద నడిపాను. అది ఎక్కడా రికార్డు కాలేదు, కాకుండా నేనే జాగ్రత్తపడ్డాను. ఇప్పుడు పింఛను పుచ్చుకుంటున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఎనభైల నడుమ సంగతి. సాగరులో నీళ్ళు అడుగంటిన ఏడాది. నేను డెల్టాలో పుట్టినవాణ్ణి. కాలవంటే ఇంటి ముందు నిండుగా పారుతుంటే అందులో దూకి ఈత కొట్టడమే తప్ప, దాని కోసం మనుషులు కర్రలు పట్టుకుని గట్టు మీద కాపలా ఉంటారని నాకు తెలియదు. నా సెక్షన్‌లో ఒక మేజరు ఉండేది. పెద్ద కాలవలోంచి చీలి ఊళ్ళ మీదుగా పోయే పాయను మేము మేజరు అంటాం. దాని చిట్టచివర ఒక ఊరు. పేరు చెప్పను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను పెళ్ళిళ్ళకు పిలుస్తారు, ఆ పిలుపులు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఆ ఊరివాళ్ళు కాలవలో నీళ్ళను చూసిన రోజులకంటే నన్ను చూసిన రోజులే ఎక్కువ. నేను వెళ్ళినప్పుడల్లా మజ్జిగ ఇచ్చేవాళ్ళు. మజ్జిగ తాగుతుంటే చుట్టూ నిలబడి, "మా మజ్జిగలో నీళ్ళున్నయ్యి సార్, మీ కాలవలోనే లేవు" అనేవాళ్ళు. నేను తలొంచుకుని తాగేసి వచ్చేవాణ్ణి.

మా లస్కరుది ఆ ఊరే. లస్కరంటే గట్టు మీద తిరుగుతూ షట్టర్లు ఎత్తి దించేవాడు, ఎక్కడ గండి పడినా అందరికంటే ముందు తిట్లు తినేవాడు. పాములకు భయపడడు, నా పై అధికారి డిప్యూటీ గారికీ భయపడడు. మంగళవారం, శుక్రవారం మాత్రం ఇంటికి పోవడానికి వెనకాడేవాడు. కారణం, ఆయన భార్య ఆ ఊరి గణాచారి. పోలేరమ్మ ఆమె మీదికి వచ్చి ఆమె నోటితో మాట్లాడుతుంది. వచ్చినప్పుడు ఊరి సంగతులతో పాటు లస్కరు సంగతులు కూడా నలుగురి ముందు పెట్టేస్తుంది. "కాలవ కాపలా అని చెప్పి పేటలో సినిమాకి పోయావు గదరా" అని ఒకసారి డప్పుల మధ్యలో ఆగి మరీ అడిగిందట. ఆయన చెంపలేసుకున్నాడు, ఊరంతా నవ్వింది.

దేవుడున్నాడా లేడా అనే తగువులో నేను ఆ రోజుల్లో లేడు పార్టీ. నా పార్టీలోనే ఇంకొకాయన ఉండేవాడు, మేజరు నడిమధ్యలో ఒక పెద్ద ఆసామి. చదువుకున్నవాడు, మంచి మాటకారి. వెళ్ళినప్పుడల్లా టీ ఇప్పించి, మూఢనమ్మకాల వల్ల దేశం ఎట్లా చెడిపోతున్నదో గంటసేపు చెప్పేవాడు. ఆ గంటసేపూ ఆయన గొట్టాలు కాలవ గట్టు కిందనుంచి నీళ్ళు లాగుతుండేవి. గొట్టాల సంగతి ఎత్తితే, "సమాజం మొత్తం మారాలండీ, ఒక్క గొట్టం తీస్తే ఏం లాభం" అనేవాడు. పోలీసులను తీసుకెళితే గొట్టాలు మాయమయ్యేవి. వాళ్ళు వెళ్ళగానే తిరిగి మొలిచేవి. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. నేను గట్టిగా అడిగిన ఒక రోజు నా మోటారు సైకిలు కాలవలో తేలింది. ఆ కాస్త నీళ్ళయినా ఉన్నాయని సంతోషించాను.

ఆ ఏడు కార్తీకం వెళ్ళేసరికి చివరి ఊళ్ళో వరి పొట్ట మీద ఉంది. ఒక్క తడి పడితే కంకులు బయటికొస్తాయి, పడకపోతే ఉత్త గడ్డి. ఊరివాళ్ళు సర్పంచిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. సర్పంచి పెద్ద వయసువాడు, తొందరపడి మాట్లాడడు.

"ఇంజినీరు గారూ, వచ్చుద్దంటే వచ్చుద్దని చెప్పండి. రాదంటే రాదని చెప్పండి. పచ్చిగా ఉన్నప్పుడే కోసి గొడ్లకన్నా ఏసుకుంటాం. రెండూ చెప్పకుండా మమ్మల్ని చంపబాకండి" అన్నాడు.

నేను రెండూ చెప్పలేదు. నాకే తెలిస్తే గదా చెప్పడానికి.

ఆ ఆదివారం మా డిప్యూటీ గారు ఇంటికి పిలిపించి, శుక్రవారం మా మేజరుకు పూర్తి వంతు నీళ్ళు ఇస్తున్నామని, ఎవరికీ చెప్పొద్దని చెప్పారు. ఆయన చెబుతున్నప్పుడు లస్కరు వెనకాలే నిలబడి వారి కూరగాయల సంచి దించుతున్నాడు. నేను నోరు మూసుకున్నాను. అందరికీ నోరు మూసుకునే శక్తి ఉండదు.

మంగళవారం ఆ ఊళ్ళో పోలేరమ్మ గుడి దగ్గర జనం చేరారు. కోద్దామా ఉంచుదామా అని అమ్మనే అడుగుదామని వచ్చారు. గుడి పిల్లకాలవ గట్టు మీదే ఉంటుంది, మేజరు నీళ్ళు ఊరిని ముట్టుకునే చోటు అది. వేపమండలు, పసుపు, డప్పులు. లస్కరు భార్య మీదికి అమ్మ వచ్చింది. వచ్చి ఒకే మాట చెప్పింది.

"కొయ్యబాకండిరా. శుక్కురారం దీపాలేళకి నా కాళ్ళు తడవాల. ఈడనే, ఈ కాలవలోనే."

అంతే, ఊరు చల్లబడింది. కొడవళ్ళు చూరులో దోపారు. మేత కోసం ఎవరూ పొలంలో దిగలేదు. నాకు కబురు తెలిసి పడీ పడీ నవ్వాను. కూరగాయల సంచి దగ్గర బయలుదేరిన మాట, లస్కరింట్లో అన్నం దగ్గర ఆగి, పోలేరమ్మ నోట్లోకి చేరింది. పోనీలే, ఎట్లాగూ వంతు వస్తుంది, అమ్మవారి పరువూ నిలుస్తుంది, డిపార్టుమెంటు పరువూ నిలుస్తుంది అనుకున్నాను.

బుధవారం డిప్యూటీ గారి దగ్గరనుంచి ఇంకో కబురు. పైనుంచి ఎవరో పెద్దమనిషి ఫోను చేశాడట. మా వంతు పక్క మేజరుకు పోయింది. మా షట్టరు సగానికి దించి తాళం వెయ్యాలి, కాగితం మీద ఆర్డరు వచ్చేదాకా కదిలించకూడదు.

నవ్వు ఆగిపోయింది. నీళ్ళు రావని మొదటినుంచీ తెలిసి ఉంటే ఆ ఊరికి గొడ్ల మేతన్నా దక్కేది. ఇప్పుడు అమ్మ మాట నమ్మి చేను అట్లాగే నిలబెట్టారు. శుక్రవారం దాటితే గింజా ఉండదు, మేతా ఉండదు. గణాచారి మాట తప్పితే ఆమె ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు. లస్కరును పిలిచాను.

"ఏమయ్యా, మీ ఆవిడతో ఒక మాట చెప్పించు. అమ్మ తారీఖు మార్చుకుందని."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "పోలేరమ్మేమన్నా మన డిపార్టుమెంటా సార్, వాయిదా ఎయ్యటానికి?"

"అసలు నువ్వు ఇంట్లో వాగబట్టి వచ్చింది ఇదంతా!"

"అన్నం తింటా అన్నా సార్. అది పోయి అమ్మ చెవిలో పడుద్దని నాకేం తెలుసు" అని ఏడుపు మొహం పెట్టాడు.

ఇక నేనే వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతున్నది. మామూలప్పుడు మాట నెమ్మది, నన్ను చూసి లేచి మంచం వాల్చింది. నేను తిరుగుడు మాటలు లేకుండా అడిగాను.

"అమ్మా, శుక్రవారం సంగతి మీ ఆయన నీకు ముందే చెప్పాడు గదా?"

"చెప్పాడు సార్."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. "మరి అమ్మ చెప్పిందని ఊరికి చెప్పావేం?"

"అమ్మ కూడా చెప్పింది గద సార్. మా ఆయన ఆదివారం చెప్పాడు, అమ్మ మంగళారం చెప్పింది. ఇద్దురూ ఒకటే మాట చెబితే తప్పేంది? మా ఇంట్లో అట్టా కుదరటమే చానా అరుదు."

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. "సరే, ఇప్పుడు నేను చెబుతున్నా. నీళ్ళు రావటం లేదు."

"మీరు చెబుతున్నారు. అమ్మ చెప్పలేదుగా."

చేట పక్కన పెట్టి చెంగుతో చేతులు తుడుచుకుంది. "సార్, నా పెద్దోడికి జొరమొచ్చినప్పుడు అమ్మని అడిగా. మూడు పొద్దులు ఆ గుళ్ళోనే పడున్నా. ఏం చెప్పలా. పిలగాడు పోయాడు. ఏం చెప్పనప్పుడు కూడా నమ్ముకోనే ఉన్నా. ఇప్పుడు నోరు తెరిచి చెప్పినాక నమ్మకపోతే ఎట్టా?"

నా వాదాలన్నీ ఆసామి ఇంట్లో టీ తాగుతూ నేర్చుకున్నవి. ఈ వాకిట్లో వాటికి చోటు కనబడలేదు.

"అయితే రాకపోతే నిన్ను అంటారమ్మా" అన్నాను చివరికి.

"తేవాల్సింది నేనని అమ్మ అన్లేదు సార్. కాళ్ళు తడవాలని చెప్పింది, అంతే." అమాయకంగా మొహం పెట్టి అడిగింది, "కాలవ ఎవురి చేతిలో ఉంటది సార్?"

చూశారా, దేవుడు వరమిచ్చాడు, డ్యూటీ నాకు పడింది.

లస్కరు, నేను గట్టు మీద నడుస్తూ వెనక్కు వస్తున్నాం. లెక్క వేసి చూసుకున్నాను. సగం ఎత్తిన షట్టరు నీళ్ళు కూడా, మధ్యలో గొట్టాలు, తూములు ఒక్క రోజు మూసేస్తే, చివరికి చేరేట్టే ఉన్నాయి. పైవాళ్ళ చేలకు అప్పటికే రెండు తడులు ఎక్కువ పడ్డాయి, ఒక్క రోజు ఆగితే వాళ్ళకేం కాదు. కానీ మూయించేదెవరు? పోలీసుల వల్ల కాలేదు, నా వల్ల అసలే కాలేదు. దారిలో ఒక ఇంటి ముందు నేల ఇంకా తడిగా, పసుపు నీళ్ళతో పచ్చగా ఉంది. మంగళవారం అమ్మ ఊళ్ళో తిరిగినప్పుడు వారు పోసిన తడి అని లస్కరు చెప్పాడు. వారు పోయడమంటే, అమ్మ ఘటం నెత్తిన పెట్టుకుని ఇంటి ముందుకు వస్తే ఆ ఇంటి ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తారు. తిరునాళ్ళ ప్రభలకూ అట్లాగే పోస్తారు.

"పొయ్యనని ఎవరన్నా అంటారా?" అని అడిగాను.

"అమ్మ గడప ముందుకొచ్చి నిలబడితే పొయ్యననడానికి గుండె ఉండాల సార్."

"పొలానికి గడప ఏదయ్యా?"

"తూమే గద సార్" అన్నాడు. అని, నడక ఆపి నా మొహంలోకి చూశాడు. బీడీ నోట్లోంచి జారింది. "సార్... మీరు దేవుణ్ణి నమ్మరు గదా?"

"నమ్మను. నువ్వు సర్పంచి గారిని పిలుచుకురా."

సర్పంచికి మా ఆలోచన చెబితే ఆయన నవ్వలేదు, నెమ్మదిగా తలూపాడు. "అమ్మ పైకి పోయి అడగటంలో తప్పులేదు. మనం అడుగుతుంటే ఎవురిచ్చారు గనక" అన్నాడు. లస్కరు భార్య మాత్రం ఒకటే అంది, "మీరు పొమ్మంటే పోను సార్, అమ్మ పోదామంటేనే పోతా." శుక్రవారం పొద్దున్నే గుడి ముందు డప్పు మోగింది. అమ్మ పోదామంది.

ఘటం నెత్తిన పెట్టుకుని ఆమె ముందు, వెనక డప్పులు, దాని వెనక ఊరు. గట్టు పట్టుకుని ఎగువకు నడిచారు. నేను "కాలవ తనిఖీ" అని లాగ్ బుక్కులో రాసుకుని కాస్త వెనకగా నడిచాను. నా తనిఖీకి డప్పులు వాయించడం అదే మొదలు, అదే ఆఖరు.

కాలవలో నీళ్ళు కనబడ్డాక ముందు వచ్చింది మా ఆసామి చేనే. గొట్టాలు గటగటా తాగుతున్నాయి. ఆమె తూము ముందు నిలబడిపోయింది. ఘటం ఊగుతున్నది, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఆసామి తల్లి, ముసలావిడ, చేలోనే ఉంది. పరుగున బిందెడు నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోయబోయింది. గణాచారి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"బిందెడు నీళ్ళకా నేనింత దూరం నడిచొచ్చింది? ఊరు ఎండిపోతుంటే బిందెడు తెచ్చావంటే! కాలవ పొయ్యి. నా కాళ్ళు అక్కడ కింద ఉన్నయ్యి."

ముసలావిడ బిందె అక్కడే వదిలేసింది. ఆసామి అంతలో వచ్చాడు. చుట్టూ చూశాడు, వెనకగా నిలబడ్డ నన్ను చూశాడు. తెలివైనవాడు, క్షణంలో పోల్చుకున్నాడు.

"ఇదంతా ఈ ఇంజినీరు గారి నాటకం! నాకు తెలుసు" అని అరిచాడు.

నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాను.

"నాటకమైతే నాటకమే, ముందు గొట్టం తియ్యి" అంది తల్లి. ఆయన కదలకపోతే తనే చీర ఎగ్గట్టి కాలవలోకి దిగబోయింది. ఇక చేసేది లేక ఆసామి పాలేళ్ళను కేకేశాడు. గొట్టాలు పైకొచ్చాయి, తూముకు గోనెసంచి అడ్డం పడింది. నా పక్కకొచ్చి, "మనిద్దరం ఒక పార్టీ అనుకున్నానండీ" అన్నాడు, నిజంగానే నొచ్చుకున్న గొంతుతో.

"మాటల దగ్గర ఒకటేనండీ. నీళ్ళ దగ్గర మాత్రం నేను పోలేరమ్మ పార్టీ" అన్నాను. తర్వాత చాలాకాలం ఆయన నాకు టీ ఇవ్వలేదు.

ఆయనంతటివాడే మూశాక మిగతావాళ్ళకు అడ్డం చెప్పడానికి మొహం చెల్లలేదు. డప్పు వినబడగానే ముందే మూసేసి, బిందెలతో ఎదురొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకాయన, "మేం ఎప్పుడో మూశాం తల్లీ" అన్నాడు, గోనెసంచి ఇంకా చేతిలోనే ఉంది. ఇట్లా నడుచుకుంటూ ఎండ నడినెత్తికి వచ్చేసరికి మేజరు మొదట్లో, పెద్ద షట్టరు దగ్గరికి చేరాం. అక్కడ కొబ్బరికాయ కొట్టి వెనక్కు తిరగాలని నా పథకం.

ఆమె వెనక్కు తిరగలేదు. షట్టరు దగ్గర నిలబడి కాలవలోకి చూసింది. నేనూ చూశాను. నా లెక్క తప్పింది. వారాల తరబడి ఎండిన కాలవ అడుగు ఎన్ని నీళ్ళు తాగుతుందో నేను తక్కువ వేశాను. ఈ సగం నీళ్ళు చివరి ఊరికి రెండు మైళ్ళ ముందే ఇంకిపోతాయి. నాకు తెలిసింది. ఆమెకు ఎట్లా తెలిసిందో ఈనాటికీ తెలియదు.

"ఇదెవురి గడప?" అని అడిగింది.

నా లస్కరు, నా నమ్మినబంటు, చెయ్యి చాపి చూపించాడు. "సారుదే తల్లీ."

జనం రెండుగా చీలి నాకు దారిచ్చారు. పొద్దుటినుంచీ వెనకాల దాక్కుని నడిచినవాణ్ణి నడిమధ్యలోకి వచ్చిపడ్డాను.

"పొయ్యరా వారు" అంది.

నన్ను "సార్" తప్ప ఇంకో మాట అనని మనిషి. నేను గొంతు తగ్గించి, ఆమెకొక్కదానికే వినబడేట్టు, "అమ్మా, కాగితం లేదు. ఆర్డరు రావాలి" అన్నాను.

"కాగితం నా కాళ్ళు తడుపుద్దంట్రా?" అంది, అందరికీ వినబడేట్టు.

తాళంచెవి నా జేబులోనే ఉంది. తీస్తే ఉద్యోగానికి ఎసరు. నమ్మినవాడికైతే అమ్మ చూసుకుంటుందన్న ధైర్యమన్నా ఉంటుంది, నాకు అదీ లేదు. ఆమె మొహంలోకి చూశాను. అది లస్కరు భార్యో, ఇంకెవరో చెప్పలేను. నాకు గుర్తొచ్చింది మాత్రం ఆ గుళ్ళో మూడు పొద్దులు పడి ఉన్న తల్లి. ఆ రోజు ఆమె అడిగినప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఇవాళ చెయ్యగలిగినవాణ్ణి నేనున్నాను, తాళంచెవి పట్టుకుని కాగితం గురించి మాట్లాడుతున్నాను. సిగ్గేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎండకని తుడుచుకున్నాను.

తాళం తీశాను. లస్కరు, నేను కలిసి చక్రం తిప్పాం. షట్టరు పూర్తిగా పైకి లేచింది. మా వంతు మేము తీసుకున్నాం, అంతే. దానికి తర్వాత మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. "ప్రజల ఒత్తిడి వల్ల" అని జవాబు రాశాను. ఏ ప్రజ అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రానికి అందరం చివరి ఊళ్ళో గుడి దగ్గర ఉన్నాం. లస్కరు నీళ్ళ వెంట నడుస్తూ వస్తున్నాడు. ఆయన భార్య పిల్లకాలవ గట్టు మీద కూర్చుని, పగుళ్ళిచ్చిన అడుగులో కాళ్ళు పెట్టుకుంది. మీద అమ్మ లేదు, ఉత్త మనిషి, బాగా అలిసిపోయి ఉంది. పొద్దు వాలింది. నీళ్ళు లేవు. నేను మనసులో లెక్క వేసుకుని సర్పంచి చెవిలో చెప్పాను.

"వస్తాయి. కానీ దీపాలవేళకు అందవు. కాస్త పొద్దుపోతుంది."

ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. తర్వాత లేచి నిలబడి ఊరికి వినబడేట్టు కేకేశాడు.

"ఒరేయ్! ఎవురూ దీపం ముట్టించబాకండి. మనం పెట్టందే దీపాలేళ ఎట్టా అయిద్ది?"

నేను నిర్ఘాంతపోయాను. ఊరు మాత్రం ఇదేదో మామూలు సంగతన్నట్టు తలూపింది. ఆడవాళ్ళు అగ్గిపెట్టెలు కొంగున ముడేసుకున్నారు. కరెంటు పని చూసేవాడు వెళ్ళి ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులు పీకి చంకన పెట్టుకొచ్చాడు. చీకటి పడింది. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. పేట నుంచి ఆఖరి బస్సు వస్తుంటే నలుగురు ఎదురెళ్ళి లైట్లు ఆర్పించారు, డ్రైవరు తిట్టుకుంటూ చీకట్లోనే ఊళ్ళోకి నడిపాడు. నాకు కంగారెక్కువై సిగరెట్టు తీశాను.

"అగ్గిపుల్ల కూడా వద్దు సార్" అన్నారు పక్కనుంచి.

చీకట్లో ఊరంతా గట్టు మీద కూర్చుంది. ఎవరూ లేచిపోలేదు, ఎవరూ గణాచారిని ఒక్క మాట అనలేదు. అమ్మ చెప్పిన వేళ ఇంకా కాలేదు కాబట్టి అనడానికేమీ లేదు. నేను మాత్రం లోపల చచ్చిపోతున్నాను. నా లెక్క అప్పటికే ఒకసారి తప్పింది, మళ్ళీ తప్పితే?

ముందు లస్కరు కేక వినబడింది. ఆ తర్వాత ఎండుటాకుల చప్పుడు. నీళ్ళు వాటిని ముందుకు తోసుకుంటూ, పగుళ్ళల్లో దిగి బుడబుడమంటూ నెమ్మదిగా వచ్చాయి. చీకట్లో కనబడలేదు. లస్కరు భార్య "హా" అని కాళ్ళు ముడుచుకుంది, మళ్ళీ చాపింది. "చల్లగా ఉన్నయ్యి" అంది. అప్పుడు సర్పంచి, ఆ నిదానమైన మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరో అగ్గిపుల్ల గీశారు. ఆమె గుళ్ళో దీపం పెట్టింది, తర్వాత ఊళ్ళో ఒక్కొక్కటే వెలిగాయి. ఫ్యూజులు పెట్టేసరికి వీధి దీపాలూ వచ్చాయి, బస్సు కూడా హారను కొట్టింది. మగవాళ్ళు పారలు తీసుకుని చేల వైపు పరుగెత్తారు.

నేను నెమ్మదిగా జారుకోబోయాను. ఆడవాళ్ళు బిందెలతో దారికి అడ్డం వచ్చారు. వద్దమ్మా, నేను దేవుణ్ణి నమ్మనన్నాను. "మిమ్మల్నెవురు నమ్మమన్నారు సార్, బూట్లు ఇప్పండి" అని నీళ్ళు కుమ్మరించారు. ఇప్పే టైము కూడా ఇవ్వలేదు. ఆ బూట్లు చేతబట్టుకుని, తడికాళ్ళతో గుడి దగ్గరికి వచ్చి లస్కరు భార్య పక్కన నిలబడ్డాను. ఆమె ఇంకా కాళ్ళు నీళ్ళలోనే ఉంచుకుని కూర్చుంది. అడగకుండా ఉండలేకపోయాను.

"నీళ్ళు రాకపోయుంటే ఏం చేసేదానివమ్మా?"

ఆమె తల తిప్పి నన్ను, నా చేతిలో నీళ్ళు కారుతున్న బూట్లను చూసి నవ్వింది.

"ఏం చేస్తాం సార్. రేపు కూడా ఈడనే కూర్చునేదాన్ని. మిమ్మల్ని గూడా పక్కన కూర్చోబెట్టుకోని."